స్టాట్స్‌డీకి మెట్రిక్స్ పంపడం: పైథాన్ అప్లికేషన్ నుంచి గ్రాఫైట్ దాకా

మెట్రిక్‌ను, అంటే అప్లికేషన్ ఎలా నడుస్తోందో చెప్పే కొలతను, స్టాట్స్‌డీకి పంపడానికి కోడ్‌లో ఒక్క లైను చాలు. తిప్పలన్నీ ఆ తర్వాతే. యూడీపీ మీద పోయే ప్యాకెట్ చేరిందో లేదో చెప్పేవాళ్ళుండరు. పేరు తప్పినా, యూనిట్ తప్పినా, అవతల సర్వర్ పడిపోయినా అప్లికేషన్ ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది. ఇది కావాలని పెట్టుకున్న పద్ధతే. కొలిచేది పాడైతే కొలత ఆగాలి గానీ అసలు పని ఆగకూడదు కదా. కాకపోతే తప్పులు ఎర్రర్ రూపంలో బయటపడవు, నెల తర్వాత గ్రాఫ్‌లో తప్పుడు అంకెగా కనిపిస్తాయి. అందుకే ప్రతి మెట్టు దగ్గరా మీరే ఆగి చూసుకుంటూ వెళ్ళాలి.

ఇక్కడ పేర్లన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి. కోడ్‌లోనూ కాన్ఫిగ్ ఫైళ్ళలోనూ ఇంగ్లిషు అక్షరాల్లోనే టైప్ చేయండి. అది మర్యాద కోసం చెప్పే మాట కాదు, కారణం కింద వస్తుంది.

దారి ఇదీ: అప్లికేషన్‌లోని క్లయింట్ లైబ్రరీ ప్రతి సంఘటననూ చిన్న యూడీపీ ప్యాకెట్‌గా స్టాట్స్‌డీ సర్వర్ 8125 పోర్ట్‌కి విసురుతుంది. ఎట్సీ సంస్థ 2011లో బయటపెట్టిన ఈ నోడ్ జేఎస్ ప్రోగ్రాం వచ్చినవన్నీ మెమరీలో కూడబెట్టి, 10 సెకన్లకోసారి లెక్కకట్టి, అంకెలను దాచి గ్రాఫ్‌లుగా చూపే గ్రాఫైట్‌లో డేటా అందుకునే భాగమైన కార్బన్‌కి 2003 పోర్ట్ మీద టీసీపీలో అప్పగిస్తుంది. కార్బన్ వాటిని విస్పర్ అనే గ్రాఫైట్ సొంత డేటా ఫైళ్ళలో రాస్తుంది. పది సెకన్లకోసారి జరిగే ఈ అప్పగింతనే ఫ్లష్ అంటారు.

ముందు ఖాళీ చెవితో వినండి

లైబ్రరీ పెట్టే ముందు, తీగ మీద ఏం పోతుందో ఒకసారి కళ్ళారా చూడటం మంచిది. పరీక్ష మెషిన్‌లో స్టాట్స్‌డీని ఆపి, నెట్‌క్యాట్‌ను యూడీపీ మోడ్‌లో 8125 పోర్ట్ మీద వినమని కూర్చోబెట్టండి. క్లయింట్ పంపే ప్రతి లైనూ టెర్మినల్‌లో ఇలా పడుతుంది:

ఆర్డర్.విజయం:1|సి
ఆర్డర్.పేమెంట్:320|ఎంఎస్
క్యూ.పొడవు:42|జి
ఆర్డర్.కస్టమర్:7718|ఎస్

పేరు, కోలన్, విలువ, నిలువు గీత, రకం. అంతే ప్రోటోకాల్. సి అంటే కౌంటర్, ఎంఎస్ అంటే మిల్లీసెకన్ల టైమర్, జి అంటే గేజ్, ఎస్ అంటే సెట్. కౌంటర్ ఎన్నిసార్లు జరిగిందో కూడుతుంది, ఫ్లష్ కాగానే సున్నాకి వస్తుంది. గేజ్ చివరిగా చెప్పిన విలువను పట్టుకుని ఉంటుంది. సెట్ ఆ పది సెకన్లలో ఎన్ని వేర్వేరు విలువలు వచ్చాయో చెబుతుంది. ఒకే కస్టమర్ వందసార్లు వచ్చినా లెక్కలో ఒక్కటే.

లైబ్రరీ అమరిక

పైథాన్‌కి స్టాట్స్‌డీ పేరుతోనే ప్యాకేజీ ఉంది, పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకోండి. అప్లికేషన్ మొత్తానికి ఒకే స్టాట్స్‌క్లయింట్ ఆబ్జెక్ట్ తయారు చేసి, దాన్నే అన్ని మాడ్యూళ్ళూ వాడాలి. రిక్వెస్ట్‌కొకటి సృష్టిస్తే ప్రతిసారీ పేరు వెతుకులాట, కొత్త సాకెట్, రెండూ దండగే. దానికిచ్చే వాటిలో మూడు ముఖ్యం: హోస్ట్, పోర్ట్, ప్రిఫిక్స్. ప్రిఫిక్స్‌లో సర్వీస్ పేరు, పరిసరం పెట్టండి, ఉదాహరణకు బిల్లింగ్.ప్రొడక్షన్. టెస్ట్ సర్వర్ అంకెలు ప్రొడక్షన్ గ్రాఫ్‌లో కలిసిపోకుండా కాపాడేది అదొక్కటే.

హోస్ట్ విషయంలో ఒక మెలిక ఉంది. యూడీపీ క్లయింట్ హోస్ట్ పేరును ఆబ్జెక్ట్ తయారైన క్షణంలో ఒక్కసారే ఐపీ అడ్రస్‌గా మార్చుకుని దాచుకుంటుంది. స్టాట్స్‌డీ వేరే మెషిన్‌కి మారి డీఎన్ఎస్ మారినా, అప్లికేషన్ రీస్టార్ట్ అయ్యేదాకా పాత అడ్రస్‌కే పంపుతూ ఉంటుంది. ఇక ఆ పేరు అసలు దొరకకపోతే నిశ్శబ్దంగా ఊరుకోదు, అక్కడికక్కడే ఎక్సెప్షన్ విసిరి అప్లికేషన్‌ని లేవనివ్వదు. ఈ రెండు తలనొప్పులకీ ఒకటే మందు: ప్రతి మెషిన్ మీదా అందుకున్నదాన్ని ముందుకు పంపే ఒక రిలేను నడిపి, అప్లికేషన్‌ని 127.0.0.1కే పంపమనడం. పై సర్వర్ ఎక్కడుందో రిలే చూసుకుంటుంది.

అదే ప్యాకేజీలో టీసీపీ క్లయింట్ కూడా ఉంది. దానికి టైమౌట్ ఇవ్వకపోతే ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. అంటే మానిటరింగ్ సర్వర్ మొరాయిస్తే మీ రిక్వెస్టులు కూడా దానితోపాటే వేలాడతాయి. బలమైన కారణం లేకపోతే యూడీపీతోనే ఉండండి.

కౌంటర్, టైమర్, గేజ్

కౌంటర్‌ను పెంచే ఫంక్షన్ పేరు ఐ, ఎన్, సి, ఆర్ అనే నాలుగక్షరాలు. పేరు ఇస్తే ఒకటి పెరుగుతుంది, రెండో విలువ ఇస్తే అంత పెరుగుతుంది. చాలామంది వదిలేసే పని ఒకటుంది: అప్లికేషన్ లేవగానే ముఖ్యమైన ఎర్రర్ కౌంటర్లన్నిటికీ సున్నా పంపడం. కౌంటర్ మొదటిసారి వచ్చేదాకా స్టాట్స్‌డీకి అదొకటి ఉందనే తెలియదు. దాని మీద అలర్ట్ పెడితే, తప్పు జరగలేదా లేక డేటాయే రాలేదా అన్నది తేలదు. సున్నాతో మొదలుపెడితే ఆ గందరగోళం ఉండదు.

టైమర్‌ను మూడు రకాలుగా వాడొచ్చు: విత్ బ్లాక్‌గా, డెకరేటర్‌గా, లేదా మీరే కొలిచి టైమింగ్ ఫంక్షన్‌కి ఇవ్వడం. మొదటి రెండింటిలో యూనిట్ లైబ్రరీయే చూసుకుంటుంది. మూడో దాంట్లోనే పొరపాటు. పైథాన్ గడియారం సెకన్లలో చెబుతుంది, స్టాట్స్‌డీ మిల్లీసెకన్లు అనుకుంటుంది. 1000తో గుణించడం మరిస్తే 320 మిల్లీసెకన్ల పని 0.32గా నమోదవుతుంది, గ్రాఫ్ చూసినవాళ్ళు సర్వర్ మెరుపులా ఉందని మురిసిపోతారు. తేడా తీయడానికి గోడ గడియారం లాంటి టైమ్ ఫంక్షన్ కాకుండా పర్ఫ్ కౌంటర్ వాడండి. సిస్టం టైమ్ సరిదిద్దినప్పుడు టైమ్ ఫంక్షన్ వెనక్కి కూడా నడుస్తుంది.

టైమర్ ఇచ్చే అంకెల్లో దేన్ని చూడాలి? ఒక ఫ్లష్‌లో ఈ పది విలువలు వచ్చాయనుకోండి: 40, 42, 45, 45, 48, 50, 50, 55, 60, 3000. సగటు 343.5. ఆ పదిమందిలో ఒక్కరికి కూడా 343 దరిదాపుల్లో పట్టలేదు. మధ్యస్థం 49, అప్పర్ 90, అంటే అతి పెద్ద పదో వంతును వదిలేశాక మిగిలినవాటిలో గరిష్ఠం, 60. అప్పర్, అంటే మొత్తంలో గరిష్ఠం, 3000. సగటును డ్యాష్‌బోర్డ్ నుంచి తీసేసి, మధ్యస్థం, అప్పర్ 90, అప్పర్ మూడూ పక్కపక్కన పెట్టండి. 90 అన్నది స్టాట్స్‌డీ డిఫాల్ట్ మాత్రమే, కాన్ఫిగ్‌లో పర్సెంట్ త్రెషోల్డ్ కింద 95, 99 కూడా చేర్చుకోవచ్చు. ఇరవై మెషిన్ల అప్పర్ 90లను గ్రాఫైట్‌లో సగటు చేయకండి, అలా వచ్చే అంకెకు అర్థం లేదు. మెషిన్ పేరు లేకుండా అందరూ ఒకే పేరుతో ఒకే స్టాట్స్‌డీకి పంపితే అది మొత్తం విలువల మీద సరిగ్గా లెక్కకడుతుంది.

గేజ్‌కి సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఇరవై మెషిన్లు క్యూ పొడవును ఒకే పేరుతో పంపితే చివరగా చేరినదే నిలుస్తుంది, మిగతా పంతొమ్మిదీ గల్లంతు. గేజ్ పేరులో మెషిన్ పేరు, ఒక్కో మెషిన్ మీద చాలా వర్కర్లుంటే వర్కర్ నంబరు కూడా ఉండాలి. పూర్తి డొమైన్‌తో కూడిన మెషిన్ పేరులో చుక్కలుంటాయి. గ్రాఫైట్ ప్రతి చుక్కనూ ఒక ఫోల్డర్‌గా తీసుకుంటుంది కాబట్టి వాటిని అండర్‌స్కోర్‌గా మార్చి పంపండి.

గేజ్‌లో ఇంకో రెండు గోతులున్నాయి. విలువ ముందు ప్లస్ గానీ మైనస్ గానీ ఉంటే స్టాట్స్‌డీ దాన్ని కూడిక, తీసివేతగా తీసుకుంటుంది. తీగ మీద మైనస్ 5 పోతే గేజ్ మైనస్ 5 కాదు, ఉన్నదాంట్లోంచి 5 తగ్గుతుంది. నిజంగా రుణ విలువ కావాలంటే ముందు సున్నా పంపి, ఆ తర్వాత మైనస్ 5 పంపాలి. రెండోది మరీ ప్రమాదం: అప్లికేషన్ చచ్చిపోయినా స్టాట్స్‌డీ ఆ గేజ్ పాత విలువనే పది సెకన్లకోసారి పంపుతూనే ఉంటుంది. క్యూ పొడవు 42 దగ్గర గీత గీసినట్టు నిలబడితే ఆరోగ్యంగా ఉందనుకోకండి. కాన్ఫిగ్‌లో డిలీట్ గేజెస్ అన్న ఆప్షన్‌ను ట్రూ చేస్తే విలువ రాని గేజ్ ఆగిపోతుంది, గ్రాఫ్‌లో ఖాళీ కనిపిస్తుంది.

పేర్లు

స్టాట్స్‌డీ పేర్లను శుభ్రం చేస్తుంది. ఖాళీలను అండర్‌స్కోర్ చేస్తుంది, స్లాష్‌ను హైఫన్ చేస్తుంది. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, చుక్క, హైఫన్, అండర్‌స్కోర్ తప్ప మిగతావన్నీ తుడిచేస్తుంది. డేటాబేస్‌లోని వస్తువు రకం పేరును నేరుగా మెట్రిక్ పేరులో అతికించారనుకోండి, అది తెలుగులో ఉందనుకోండి, ఆ భాగం మొత్తం మాయమై రెండు చుక్కల మధ్య శూన్యం మిగులుతుంది. అన్ని రకాలూ ఒకే పేరు కింద కలిసిపోతాయి. అలాంటి చోట పేరు కాకుండా రకం ఐడీ వాడండి.

ఐడీ అన్నాం కదా అని యూజర్ ఐడీ, ఆర్డర్ నంబరు, పూర్తి యూఆర్ఎల్ లాంటివి మాత్రం పేరులో పెట్టకండి. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. 10 సెకన్ల పాయింట్లు 6 గంటలు, 1 నిమిషంవి 6 రోజులు, 10 నిమిషాలవి 1800 రోజులు ఉంచుకునే అమరిక తీసుకుందాం. 2160, 8640, 2,59,200 కలిపితే 2,70,000 పాయింట్లు. విస్పర్‌లో పాయింట్‌కి 12 బైట్లు, అంటే ఒక్కో ఫైలూ దాదాపు 3.2 ఎంబీ. మామూలుగా ఈ చోటంతా ఫైల్ పుట్టినరోజే కేటాయించబడుతుంది, ఒక్క పాయింట్ వచ్చినా సరే. టైమర్ ఒక్కటే పదికి పైగా ఫైళ్ళు పుట్టిస్తుంది. పదివేల యూజర్ ఐడీలతో ఒక్క టైమర్ పెడితే డిస్క్ ఏమవుతుందో ఊహించుకోండి. పైగా కార్బన్ డిఫాల్ట్ కాన్ఫిగ్‌లో నిమిషానికి 50 కొత్త ఫైళ్ళకి మించి తెరవదు. మీ కొత్త మెట్రిక్ ఎంతకీ కనిపించకపోతే కోడ్‌ను అనుమానించే ముందు ఆ పరిమితిని చూడండి.

గ్రాఫైట్ వైపు సరిచేయాల్సినవి

ఏ పాయింట్లను ఎంతకాలం ఉంచాలో అంచెలుగా చెప్పే స్టోరేజ్ స్కీమాస్ ఫైల్‌లో మొదటి అంచె స్టాట్స్‌డీ ఫ్లష్‌తో సరిపోవాలి. ఫ్లష్ 10 సెకన్లు, మొదటి అంచె 60 సెకన్లు అయితే ఒకే గడిలో ఆరుసార్లు రాసి చివరిదే మిగులుతుంది. ఆరింట అయిదు వంతుల డేటా పోయినట్టే. ఈ ఫైల్‌ను తర్వాత దిద్దినా అప్పటికే పుట్టిన విస్పర్ ఫైళ్ళు మారవు, వాటిని విస్పర్ రీసైజ్ కమాండ్‌తో విడిగా మార్చాలి.

రెండోది స్టోరేజ్ అగ్రిగేషన్, అంటే పాయింట్లను తర్వాతి అంచెలోకి ఎలా కలపాలో చెప్పే ఫైల్. డిఫాల్ట్ పద్ధతి సగటు. పది సెకన్లకి 30 ఆర్డర్ల చొప్పున వస్తున్నాయనుకోండి, నిమిషానికి 180. పాయింట్లు నిమిషం అంచెలోకి మారేటప్పుడు సగటు తీస్తే ఆ గడిలో 30 అని పడుతుంది. గత 6 గంటల మొత్తం బాగానే ఉండి, రెండు రోజుల గ్రాఫ్ తెరవగానే మొత్తం ఆర్డర్లు ఆరో వంతుకి పడిపోయినట్టు కనిపిస్తే కారణం ఇదే. కౌంట్‌తో ముగిసే పేర్లకూ, స్టాట్స్ కౌంట్స్‌తో మొదలయ్యే వాటికీ సగటుకి బదులు కూడిక (సమ్) పద్ధతి రాయండి. అప్పర్‌కి గరిష్ఠం, లోయర్‌కి కనిష్ఠం. అరుదుగా వచ్చే మెట్రిక్స్‌కి ఎక్స్ ఫైల్స్ ఫ్యాక్టర్‌ను 0 చేయండి. డిఫాల్ట్ 0.5 అంటే సగం గడులు నిండకపోతే పై అంచెలో ఏమీ రాయదు.

కౌంటర్ రెండు చోట్ల కనిపిస్తుంది. పాత పేర్ల పద్ధతిలో, అంటే డిఫాల్ట్‌గా, స్టాట్స్ కింద ఉన్నది సెకనుకి రేటు, స్టాట్స్ కౌంట్స్ కింద ఉన్నది అసలు లెక్క. పది సెకన్లలో 3 ఆర్డర్లు వస్తే మొదటి చోట 0.3 ఉంటుంది. 0.3 ఆర్డర్ ఎలా వస్తుందని తల పట్టుకోనక్కర్లేదు.

లోడ్ పెరిగినప్పుడు

సెకనుకి వేలసార్లు పెరిగే కౌంటర్‌కి శాంప్లింగ్ రేటు 0.1 ఇవ్వండి. లైబ్రరీ సుమారు పదింట ఒకసారే పంపి, లైను చివర |@0.1 అని చేరుస్తుంది, సర్వర్ పదితో గుణించుకుంటుంది. ఎర్రర్ కౌంటర్లకి మాత్రం ఇది వాడకండి. అరుదైనదాన్ని పదింట తొమ్మిదిసార్లు వదిలేస్తే అసలు కనపడకుండా పోవచ్చు. ఒకే చోట చాలా మెట్రిక్స్ పంపాలంటే పైప్‌లైన్ వాడండి, అన్నిటినీ ఒకే ప్యాకెట్‌లో కుక్కుతుంది. పైథాన్ క్లయింట్ డిఫాల్ట్ ప్యాకెట్ పరిమాణం 512 బైట్లు. సొంత నెట్‌వర్క్‌లో అయితే 1432 దాకా పెంచొచ్చు, అంతకు మించితే మామూలు ఈథర్నెట్‌లో ప్యాకెట్ ముక్కలయ్యే ప్రమాదం ఉంది, ఒక్క ముక్క పోయినా మొత్తం పోయినట్టే.

ఒక స్టాట్స్‌డీ చాలక రెండోది పెట్టాలనిపిస్తే, వాటి ముందు లోడ్ బ్యాలెన్సర్ పెట్టి ఊరుకోకండి. ఒకే కౌంటర్ సగం ఇటు, సగం అటు చేరి, రెండూ గ్రాఫైట్‌లో ఒకే గడిలో రాస్తాయి. వెనక వచ్చింది ముందుదాన్ని చెరిపేస్తుంది. ఒక పేరు ఎప్పుడూ ఒకే సర్వర్‌కి పోయేలా, పేరును బట్టి పంచే ప్రాక్సీ కావాలి. స్టాట్స్‌డీతో అలాంటిదొకటి వస్తుంది.

అంకెలు రాకపోతే

అప్లికేషన్ వైపు నుంచి వరసగా రండి. 8125కి ప్యాకెట్లు వస్తున్నాయేమో సర్వర్ మీద టీసీపీడంప్‌తో చూడండి. రాకపోతే ఫైర్‌వాల్ గానీ, పాత ఐపీ గానీ. వస్తుంటే స్టాట్స్‌డీ అడ్మిన్ పోర్ట్ 8126కి నెట్‌క్యాట్‌తో కనెక్ట్ అయి కౌంటర్స్ అని టైప్ చేయండి, మెమరీలో ఉన్నవన్నీ చూపిస్తుంది. గేజెస్, టైమర్స్ కూడా అలాగే. అందులో మీ పేరు లేకపోతే స్టాట్స్ కమాండ్ ఇచ్చి బ్యాడ్ లైన్స్ సీన్ ఎంతుందో చూడండి, అది పెరుగుతుంటే లైను రూపమే తప్పు. పేరు ఉండి గ్రాఫ్‌లో లేకపోతే తప్పు కార్బన్ వైపుంది. అన్నీ సరిగ్గా ఉండి అంకెలు మాత్రం తక్కువ చూపిస్తుంటే సర్వర్ మీద నెట్‌స్టాట్‌ను ఎస్, యూ ఆప్షన్లతో నిమిషం తేడాతో రెండుసార్లు కొట్టండి. రిసీవ్ బఫర్ ఎర్రర్స్ పెరుగుతుంటే స్టాట్స్‌డీ చదివేలోపే కెర్నల్ ప్యాకెట్లను పారేస్తోందన్నమాట. కెర్నల్ బఫర్ పరిమాణం పెంచడం ఆ పూటకి పనికొస్తుంది. ప్యాకెట్ల సంఖ్యను తగ్గించే పైప్‌లైన్, శాంప్లింగ్ రేటు ఆ తర్వాతైనా పెట్టాల్సిందే.