తక్కువ ధరలో తేలికపాటి కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనర్: కొనే ముందు చూడవలసినవి, కొన్నాక పరీక్షించవలసినవి

హైదరాబాదు దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ రూ.6,000 నుంచి రూ.12,000 లోపు ధరలో కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనర్లు ఇప్పుడు కావలసినన్ని దొరుకుతున్నాయి. అట్టపెట్టెల మీద రాసినదంతా చదివితే మాత్రం ఒకదానికీ మరొకదానికీ తేడా పట్టుకోవడం కష్టం: అన్నీ తేలికైనవే, అన్నీ బలంగా పీల్చేవే, అన్నీ ఒక్క చార్జింగ్‌తో ముప్పావు గంట నడిచేవే. ఆ అంకెల్లో దేన్ని నమ్మవచ్చో, దేన్ని పక్కన పెట్టాలో తెలుసుకుని, మిగిలినదాన్ని వాపసు గడువు ముగిసేలోపు సొంత ఇంటి నేల మీదే తేల్చుకోవడం ఉత్తమం.

అన్నిటికన్నా ముందు ఆ యంత్రం చేత ఏ పని చేయించుకోవాలనుకుంటున్నారో నిర్ణయించుకోవాలి. ఈ ధరలోని కార్డ్‌లెస్ యంత్రం చీపురు చేసే పని చేస్తుంది, తడిగుడ్డ చేసే పని చేయదు. విట్రిఫైడ్ టైల్స్, పాలరాయి, గ్రానైట్ పరచిన ఫ్లాటులో రోజూ పేరుకునే దుమ్ము, వెంట్రుకలు, వంటగదిలో రాలిన నూకలు, సోఫా సందుల్లో చిక్కిన చిరుతిండి ముక్కలు, పరుపు మీది నుసి, కారు సీట్ల కింది ఇసుక దానికి తగిన పనులు. మందపాటి తివాచీలు ఎక్కువగా ఉన్న ఇల్లయినా, వారానికి ఒక్కసారే ఇల్లంతా గట్టిగా శుభ్రం చేసుకునే అలవాటున్నా, అదే డబ్బుతో వైరు ఉన్న పెద్ద డబ్బా రకం యంత్రం కొనడమే నయమని నా అభిప్రాయం. దాని మోటారు సాధారణంగా 1,000 వాట్లకు పైనే ఉంటుంది. చవక కార్డ్‌లెస్ యంత్రానిది చాలావరకు 100 నుంచి 200 వాట్ల మధ్య ఉంటుంది. ఆ తేడాను ఏ ప్రకటనా పూడ్చలేదు.

పెట్టె మీది అంకెలు

అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించేది పీడనాన్ని కొలిచే పాస్కల్ లెక్క: 15,000 అనో, 25,000 అనో ఉంటుంది. వాతావరణ పీడనం 1,01,325 పాస్కళ్లు కాబట్టి, 20,000 పాస్కళ్లంటే అందులో సుమారు అయిదో వంతు పీడన వ్యత్యాసాన్ని మోటారు కలిగించగలదని అర్థం. అయితే ఈ కొలతను గొట్టం మూతి పూర్తిగా మూసి, లోపలికి గాలి ఏమాత్రం పోని స్థితిలో, అదీ గరిష్ఠ వేగంలో తీస్తారు. మూతి తెరిచి నేల మీద నడిపినప్పుడు గాలి కదులుతుంది, పీడనం పడిపోతుంది; చెత్తను డబ్బా దాకా మోసుకుపోయేది ఆ కదిలే గాలే. పీడనాన్నీ గాలి ప్రవాహాన్నీ కలిపి చెప్పే కొలత ఎయిర్ వాట్. చవక యంత్రాల పెట్టెల మీద అది అరుదుగా ఉంటుంది, ఉన్నచోట మాత్రం పాస్కళ్లను వదిలి దాన్నే చూడాలి. మోటారు తీసుకునే వాట్ల కన్నా ఎయిర్ వాట్లు ఎక్కువని రాసి ఉంటే, ఆ పెట్టె మీది మిగతా మాటలను కూడా అనుమానించవలసిందే, ఎందుకంటే లోపలికి వెళ్లిన శక్తి కన్నా బయటికి వచ్చేది ఎక్కువ కావడం అసాధ్యం. ఇనుప గుండ్లను పైకి లాగి చూపించే వీడియోలు చూడముచ్చటగానే ఉంటాయి గానీ, మన ఇళ్లలో ఇనుప గుండ్లు దొర్లవు.

ఎంతసేపు నడుస్తుందన్నది మాత్రం ఎవరైనా కాగితం మీదే లెక్క కట్టుకోవచ్చు. బ్యాటరీ మీద 22.2 వోల్టులు, 2,200 మిల్లీ ఆంపియర్ అవర్లు అని ఉందనుకుందాం. 2,200 మిల్లీ ఆంపియర్ అవర్లంటే 2.2 ఆంపియర్ అవర్లు; 22.2ను 2.2తో గుణిస్తే సుమారు 49 వాట్ అవర్లు వస్తాయి. మోటారు 150 వాట్లదైతే, పూర్తి వేగంలో అది గంటలో మూడో వంతు, అంటే దాదాపు 20 నిమిషాలు నడవాలి. వేడి రూపంలో పోయేది పోగా ఇంకొంచెం తగ్గుతుంది. అదే పెట్టె మీద 40 నిమిషాలు అని ఉంటే, అది సగం శక్తితో నడిచే కనిష్ఠ వేగపు లెక్క అన్నమాట. అడుగున తిరిగే బ్రష్‌కు వేరే మోటారు ఉంటే అదీ ఈ బ్యాటరీ నుంచే తింటుంది. సుమారు 1,100 చదరపు అడుగుల రెండు పడకగదుల ఫ్లాటును మంచాల కిందితో సహా తీరుబడిగా ఊడ్చడానికి 20 నిమిషాలకు తక్కువ పట్టదు. కాబట్టి మధ్యస్థ వేగంలో 25 నిమిషాలు రాని యంత్రాన్ని ఆ ఇంటికి కొనకపోవడమే మంచిది.

బ్యాటరీని చూస్తున్నప్పుడే దాని మీది ముద్రను కూడా గమనించాలి. మన దేశంలో లిథియం బ్యాటరీలకు భారతీయ ప్రమాణాల బ్యూరో వద్ద నమోదు తప్పనిసరి. ఐఎస్ 16046 అన్న ప్రమాణ సంఖ్యా, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యా ఉండాలి. ఆ నమోదు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో వేసి చూస్తే ఎవరి పేరు మీద నమోదైందో తెలుస్తుంది. మోటారు విషయంలో బ్రష్‌లెస్ రకం దొరికితే దానికే మొగ్గు చూపాలి. పాత రకం మోటారులో లోపల విద్యుత్తును అందించే కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి, అరిగే కొద్దీ మాడిన వాసన వస్తుంది.

దుకాణంలో చేతికి తీసుకున్నప్పుడు

పెట్టె మీద 1.2 కిలోలు అని రాసి ఉన్న బరువు సాధారణంగా మోటారు, బ్యాటరీ, డబ్బా ఉన్న పిడి భాగానిది మాత్రమే. గొట్టం, అడుగు బ్రష్ తగిలిస్తే అది రెండు, రెండున్నర కిలోలకు చేరుతుంది. నేల మీద నడిపేటప్పుడు ఆ బరువులో చాలా భాగాన్ని నేలే మోస్తుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. కర్టెన్ల పైఅంచో, ఫ్యాను రెక్కలో, సంక్రాంతి ముందు గోడల మూలల బూజో దులపడానికి పైకెత్తినప్పుడు ఆ బరువంతా మణికట్టు మీదే పడుతుంది. అందుకే దుకాణంలో యంత్రాన్ని పూర్తిగా బిగించమని అడిగి, దాన్ని తల కన్నా పైకి ఎత్తి ఒక నిమిషం పట్టుకుని చూడాలి. ఇంట్లో దాన్ని ఎక్కువగా వాడేది ఎవరో వారి చేతికే ఇవ్వాలి. మీట నొక్కి పట్టుకుంటేనే నడిచే రకమా, ఒకసారి నొక్కి వదిలేయవచ్చా అన్నది కూడా చూడాలి. 20 నిమిషాలు మీట నొక్కి ఉంచడం కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు సాధ్యమయ్యే పని కాదు. తరువాత గొట్టాన్ని నేల మీద బల్లపరుపుగా పడుకోబెట్టి, అడుగు బ్రష్ అప్పటికీ నేలకు ఆనుకునే ఉందో లేదో చూడాలి. బ్రష్ లేచిపోతే మంచం కింది దుమ్ము అక్కడే ఉంటుంది.

ఇంట్లో చేయవలసిన పరీక్షలు

అసలు తీర్పు ఇక్కడ తేలుతుంది. యంత్రాన్ని పూర్తిగా చార్జ్ చేసి, పెట్టెను పారేయకుండా పక్కన ఉంచి మొదలుపెట్టాలి. పెట్టె విప్పేటప్పుడు ఫోనులో వీడియో తీసి ఉంచుకుంటే విరిగిన భాగం గురించి తరువాత వాదన ఉండదు.

వంటింటి త్రాసు మీద 50 గ్రాముల బొంబాయి రవ్వ తూచి, హాల్లో నాలుగు టైళ్ల మేర పలుచగా చల్లాలి. ఖాళీ డబ్బాను ఫిల్టర్‌తో సహా తూచి, మధ్యస్థ వేగంలో ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు నడిపి, మళ్లీ తూచాలి. గట్టి నేల మీద 45 గ్రాములైనా రాకపోతే ఆ యంత్రాన్ని వెనక్కు పంపడానికి సందేహించనక్కర లేదు. అంతకన్నా ముఖ్యం, మిగిలిన రవ్వ ఎక్కడుందో చూడటం. అరికాలు ఆనించి నడిస్తే చాలు, కంటికి కనిపించనిది కాలికి తగులుతుంది. గరుకు కుచ్చుల బ్రష్ తివాచీకి పనికొస్తుంది గానీ, నునుపు టైలు మీద గింజలను కొట్టి వెనక్కు విసురుతుంది. మెత్తని గుడ్డలాంటి రోలర్ ఉన్న యంత్రం ఈ పని చాలా మెరుగ్గా చేస్తుంది. ఇక సగ్గుబియ్యం చల్లి చూస్తే ఇంకో లోపం బయటపడుతుంది: అడుగు బ్రష్ ముందు అంచు మరీ కిందికి ఉంటే గింజలు లోపలికి వెళ్లకుండా దాని ముందు దొర్లుకుంటూ పోతాయి. మన ఇళ్లలో తివాచీల కన్నా టైళ్లే ఎక్కువ కాబట్టి ఈ రెండు పరీక్షలకూ నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇస్తాను.

తరువాత టైళ్ల మధ్య సందులో ఒక చెంచా గోధుమపిండి వేలితో అద్ది, యంత్రాన్ని దాని మీదుగా నెమ్మదిగా ఒక్కసారే నడపాలి. పీల్చే శక్తి నిజంగా ఎంతో ఈ సందు చెబుతుంది. షాబాదు బండలు పరచిన పాత ఇళ్లలో సందులు వెడల్పుగా, లోతుగా ఉంటాయి కనుక అక్కడ ఈ పరీక్ష తప్పనిసరి. గోడ వారగా కూడా కొంచెం పిండి వేసి, ఎంత వెడల్పున చార మిగిలిందో చూడాలి. ఒక వేలి వెడల్పు మిగలడం మామూలే, రెండు వేళ్లు మిగిలితే ప్రతి గదిలోనూ సన్నమూతి తగిలించి మరోసారి తిరగవలసి వస్తుంది.

పొడవాటి వెంట్రుకలున్న ఇంట్లో రోలర్ కొనలు చూడాలి. దువ్వెనలో మిగిలిన వెంట్రుకలనూ, వాడిన మల్లెపూల దండలోని దారం ముక్కనూ నేల మీద వేసి నడిపితే, అవి రోలర్ నడుముకు చుట్టుకున్నాయా, పక్కలకు జారి బేరింగు దగ్గర చిక్కుకున్నాయా తెలుస్తుంది. నడుముకు చుట్టుకున్నది కత్తెరతో కోస్తే పోతుంది. కొనల్లో చిక్కుకున్నది కొన్ని నెలల్లో రోలర్‌ను ఆపేస్తుంది. అందుకే రోలర్ ఒక మీటతోనో, ఒక నాణెంతోనో ఊడి చేతికి రావాలి.

పూజగది దగ్గర జాగ్రత్త వేరు. కుంకుమ, పసుపు మీద మెత్తని రోలర్ నడిపితే రోలరంతా రంగు పట్టి, ఆ రంగును పక్క టైలుకు కూడా అంటిస్తుంది. అక్కడ సన్నమూతి మాత్రమే వాడాలి. అగరుబత్తి నుసి పూర్తిగా చల్లారిందని తెలిస్తే తప్ప పీల్చకూడదు, ఎందుకంటే నిప్పురవ్వ కాగితపు ఫిల్టర్‌ను అంటుకుంటుంది. తడి పూలు, నీళ్లు అసలే వద్దు.

చివరిగా, మధ్యస్థ వేగంలో పెట్టి, ఫోనులో గడియారం మొదలుపెట్టి, ఇల్లు ఊడుస్తూ అది ఆగేదాకా నడపాలి. పూర్తి వేగానికి ముందు కట్టిన లెక్కంత సేపు కూడా అది నడవకపోతే బ్యాటరీ సామర్థ్యాన్ని పెట్టె మీద పెంచి రాశారనుకోవచ్చు.

ఫిల్టర్

సన్నని దుమ్మును ఆపే ఫిల్టర్ల మీద రాసే హెపా అన్న మాటకు ఒక నిర్ణీత ప్రమాణం ఉంది: యూరప్ ప్రమాణంలో హెచ్13 తరగతి ఫిల్టర్ అతి కష్టంగా చిక్కే సన్నని కణాల్లో 99.95 శాతాన్ని ఆపాలి. ‘హెపా రకం’, ‘హెపా తరహా’ అన్న మాటలకు అలాంటి పూచీ ఏదీ లేదు. ఫిల్టర్ మంచిదే అయినా దాని చుట్టూ రబ్బరు సరిగ్గా కూర్చోకపోతే దుమ్ము పక్కనుంచి జారిపోతుంది. రాత్రి దీపాలార్పి, గాలి బయటికి వచ్చే రంధ్రాల ముందు టార్చి వేసి, ఎవరినైనా పిండి మీద యంత్రం నడపమంటే, వెలుతురులో లేచే పొగలాంటి నుసి ఆ సంగతి చెబుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ల ఇంట్లో ఇది దాటవేయకూడని పరీక్ష.

కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వంటి చోట్ల చుట్టూ కట్టడాలు సాగుతున్నంతకాలం కిటికీ తెరిస్తే వచ్చేది రాతిపొడి, సిమెంటు నుసి. అవీ, ముగ్గుపిండీ, గోడకు డ్రిల్లింగ్ చేసినప్పుడు రాలే పొడీ ఫిల్టర్ మడతలను త్వరగా మూసేస్తాయి. అప్పుడు మోటారు స్వరం సన్నగా పైకి లేస్తుంది, పీల్చే శక్తి తగ్గుతుంది. అలాంటి పొడిని చీపురుతో ఎత్తి, మిగిలిన పలుచని పొరకే యంత్రం వాడడం తెలివైన పని. కడగదగిన ఫిల్టర్‌ను 24 గంటలు ఆరబెట్టమని పుస్తకంలో ఉంటుంది. జూలై, ఆగస్టు ముసురులో ఆ సమయం చాలదు. పైకి పొడిగా కనిపించినా, మడతల మధ్య ఒక టిష్యూ కాగితం దూర్చి నొక్కితే తడి మరక తేలుతుంది. ఆ తడితోనే బిగిస్తే లోపల దుమ్ము ముద్ద కట్టి, మర్నాటికి ఇల్లంతా ముక్కిన వాసన వస్తుంది. కాబట్టి పెట్టెలో రెండో ఫిల్టర్ ఇస్తున్నారా, విడిగా ఎంతకు దొరుకుతుంది అన్నది కొనే ముందే అడగాలి.

బ్యాటరీ ఆయుష్షు, కాగితాలు

లిథియం బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్లో, బాల్కనీ గోడకు స్టాండు బిగించి అక్కడే చార్జింగ్ పెట్టడం బ్యాటరీని చేతులారా పాడుచేసుకోవడమే. వాడిన వెంటనే కాక, అరగంట చల్లారనిచ్చి చార్జ్ చేయాలి; నెలల తరబడి ఊరెళ్తుంటే సగం చార్జ్‌తో నీడ పట్టున ఉంచాలి. ఎంత జాగ్రత్తగా వాడినా కొన్ని వందల సార్లు చార్జ్ చేశాక సామర్థ్యం తగ్గుతుంది. రోజూ వాడే ఇంట్లో అది రెండేళ్ల మాట. అందుకని బ్యాటరీ ఊడదీయడానికి వీలున్న యంత్రమే కొనాలని గట్టిగా చెబుతాను. కోఠి గుజరాతీ గల్లీ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరుకుతాయి గానీ, సీలు వేసిన ప్యాక్ విప్పించి కొత్త సెల్స్ వేయించడం కన్నా కంపెనీ ప్యాక్ కొనడమే భద్రం.

వారంటీ కార్డులో మోటారుకు ఎంత, బ్యాటరీకి ఎంత అన్నది విడివిడిగా చదవాలి. చాలాచోట్ల బ్యాటరీ, ఫిల్టర్, రోలర్ అరిగే వస్తువుల కింద పోతాయి. డబ్బు కట్టేముందే పెట్టె మీది వినియోగదారుల నంబరుకు ఫోను చేసి, హైదరాబాదులో సర్వీసు సెంటరు ఎక్కడుంది, యంత్రాన్ని కొరియరులో వేరే ఊరికి పంపాలా, బ్యాటరీ ధర ఎంత అని అడగండి. ఆ ఫోను ఎవరూ ఎత్తకపోతే మీ పరీక్ష అక్కడితో ముగిసినట్టే. బిల్లు తప్పకుండా తీసుకోవాలి. కంపెనీ, దుకాణం రెండూ పట్టించుకోని పక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసేటప్పుడు అదే ఆధారం. పాడైన బ్యాటరీని మాత్రం జీహెచ్‌ఎంసీ చెత్త బండిలో వేయకండి. దాని కొసలకు టేపు అంటించి, పాత బ్యాటరీలు తీసుకునే ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలో ఇవ్వాలి.