బెదిరిన రౌతుకు స్వారీ పాఠాలు – 4: ముందు చేతులు వదలాలి

పోయిన పాఠంలో ఇచ్చిన పని చిన్నదే. గుర్రం ఎక్కాలి, ఒక్క అడుగు కూడా వేయించకుండా పది ఊపిరుల సేపు కూర్చోవాలి, దిగాలి. ఈసారి ట్రాట్ (నడక తరవాతి మెట్టు, చిన్న పరుగు) మొదలుపెడదాం అనుకున్నాను. మీరు రాసి పంపినవి చదివాక దాన్ని పక్కన పెట్టాను.

మన నాందేడ్ జిల్లా దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కుండల్‌వాడి వైపు నుంచి రాసినవాళ్లలో ఎక్కువమందిది ఒకటే మాట: గుర్రం నిలబడటం లేదు. రికాబులో కాలు పెట్టగానే కదిలిపోతోందట. ఎక్కి కూర్చున్నాక ఉన్నచోటే గెంతుతోందట. ఒకరి గుర్రం వెనక్కి వెనక్కి నడిచి కంచెకు ఆనుకుందట. కిందపడిన రోజున పట్టుకున్న భయం మళ్లీ వచ్చింది, ఇక మావల్ల కాదు అని ఇద్దరు రాశారు. మీవల్ల అవుతుంది. భయపడ్డ మనిషి గుర్రం మీద ఏం చేస్తాడో సరిగ్గా అదే మీరు చేశారు, అంతే. దాన్ని మార్చుకునే దారి ఉంది. ఈ పాఠమంతా దాని గురించే.

హెల్మెట్, మడమ ఉన్న బూటు, తంగు (జీనును పొట్ట కింద బిగించే పట్టీ) ఎక్కేముందు ఒకసారి, నాలుగడుగులు నడిపించాక ఇంకోసారి చూసుకోవడం, గట్టు పక్కన నిలబెట్టి ఎక్కడం. ఇవి మొదటి పాఠంలోవి, మళ్లీ వివరించను.

ధర్మాబాద్ అక్క ఒకరు ఇలా రాశారు: "లగామ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉన్నాను అన్నా, అయినా ఆగలేదు." అక్కా, పగ్గాలు గట్టిగా పట్టుకున్నందుకే ఆగలేదు. ఎందుకో చెబుతాను.

మన వైపు గుర్రాలు ఎక్కడి నుంచి వస్తాయో ముందు చూడండి. లోహా తాలూకా మాలేగావ్‌లో ఖండోబా జాత్రకు మార్గశిర బహుళంలో పెద్ద గుర్రాల సంత కూడుతుంది. మీలో చాలామంది అక్కడ కొన్నవాళ్లే, లేదా అక్కడ కొన్నవాళ్ల దగ్గర నేర్చుకుంటున్నవాళ్లే. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకే మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలంటే మనవాళ్లకు మోజు. వాటిలో చాలావాటికి పెళ్లి ఊరేగింపుల కోసం నాచ్ నేర్పి ఉంటారు. పగ్గాలు బిగించి, కాళ్లతో పక్కలు ఒత్తితే, ముందుకు పోకుండా ఉన్నచోటే కాళ్లెత్తి ఆడాలి. దానికి అలవాటైన సైగ అది.

భయపడ్డ మనిషి చేసేదీ అదే కదా. పగ్గాలు బిగిస్తాడు, కాళ్లతో కరుచుకుంటాడు. గుర్రం తనకు నేర్పిన పని బుద్ధిగా చేస్తుంది. మీకు మాత్రం దానికి పిచ్చెత్తినట్టు అనిపిస్తుంది. ఇంకా బిగిస్తారు, అది ఇంకా ఆడుతుంది. డప్పుల్లేవు, బారాత్ లేదు, ఎందుకు గెంతుతోంది అని అడిగిన బిలోలి తమ్ముడికి నా జవాబు ఇదే.

నాచ్ నేర్వని గుర్రమైనా మీ భయాన్ని పట్టేస్తుంది. గుర్రం పక్కన నిలబడి దాని వీపు చూడండి. ఈగ వాలిన చోట, ఆ అరచేతి మేర చర్మం మాత్రమే అదురుతుంది, ఈగ లేచిపోతుంది. ఈగ బరువు తెలిసే చర్మానికి మీ తొడ బిగుసుకోవడం తెలియదా? 2009లో స్వీడన్‌లో కొందరు పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. మనుషుల చేత గుర్రాలను నడిపించారు, స్వారీ చేయించారు. చివరిసారి వెళ్లేముందు, ఈసారి దారిలో గొడుగు తెరుస్తాం అని ఆ మనిషికి చెప్పారు. గొడుగు తెరవనే లేదు. తెరుస్తారేమో అన్న తలపుకే మనిషి గుండె వేగం పెరిగింది, దాంతోపాటు గుర్రం గుండె వేగమూ పెరిగింది. నిమ్మళంగా నిలబడ్డ గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. మీరు ఊపిరి బిగబట్టి ఎక్కితే దాన్ని అక్కడే ఉంచడం కష్టం.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే సలహా దగ్గరికి వస్తాను. గుర్రం కదలగానే పక్కన నిలబడ్డ సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి), వదిన, బావ, దారిన పోయే తాత, అందరూ ఒకటే అరుస్తారు: "గుంజు! గట్టిగ గుంజు అక్కా, అదే ఊకుంటది!" నేర్చుకునేవాళ్లను ఇంతకన్నా పాడుచేసే మాట ఇంకోటి లేదు. రెండు పగ్గాలూ ఒక్కసారే వెనక్కి గుంజి పట్టుకుంటే ఏమవుతుందో వివరంగా చెబుతాను, విసుగనుకోకండి.

గుర్రం ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. కళ్ళెం కడ్డీ ఆనేది అక్కడే. ఎముక మీద పలచటి చర్మం తప్ప అక్కడ కండ లేదు. తీరిక వేళ, తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని పెదవి మూల కాస్త ఎత్తి చూడండి, చేత్తో తాకి చూడండి. మీరు గుంజే బరువంతా పడేది ఆ రెండు వేళ్ల వెడల్పు మీద. విడవకుండా గుంజితే గుర్రం మూడు నాలుగు పనుల్లో ఏదో ఒకటి చేస్తుంది. కొన్ని గుర్రాలు ఆ ఒత్తిడికి ఎదురు ఆనుకుని ముందుకే తోసుకుపోతాయి. అది మీకంటే అయిదారు రెట్లు బరువున్న జంతువు, లాగుడులో మీరు గెలవరు. కొన్ని తల పైకెత్తి నడుము కిందికి వంచేస్తాయి. అప్పుడు దాని కాళ్ల ముందున్న నేల దానికి సరిగా కనిపించదు, తట్టుకునేది అప్పుడే. కంచె దాకా వెనక్కి నడిచిన గుర్రం సంగతి మీరు చెప్పనే చెప్పారు. ముందు పగ్గం అడ్డు, పక్కల కాళ్లు తోస్తున్నాయి, అది వెనక్కి తప్ప ఎటు పోతుంది? వెనక్కీ దారి లేకపోతే ముందుకాళ్లు పైకెత్తుతుంది. నా భయమంతా దీని గురించే. అలా లేచిన గుర్రం మీద పగ్గాలకు వేలాడితే గుర్రాన్ని మీరే మీ మీదకు పడేసుకుంటారు. అది లేస్తే ముందుకు వంగి జూలు పట్టుకోవాలి, పగ్గాలు వదులు చేయాలి.

గుంజు అనే మాట వెనక ఇంకొకటి ఉంది, ముళ్ల కళ్ళెం. కాంటేవాలీ లగామ్ అని మనవైపు మామూలుగా వాడతారు. కడ్డీ మీద, చెంపల దగ్గర ఇనుప మొనలు ఉంటాయి. దానితో కొద్దిగా గుంజినా గుర్రం ఆగినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే నాలుకా చెంపలూ చీరుకుపోతాయి. బండి లాగే, బరువు మోసే జంతువుల విషయంలో క్రూరత్వాన్ని ఆపడానికి 1965లో వచ్చిన కేంద్ర నిబంధనల్లోనే ముళ్ల కళ్ళేన్ని నిషేధించారు. అయినా ఇంకా వాడుతున్నారు. మీరు ఎక్కే గుర్రం నోట్లో ఏముందో ఎక్కేముందు చూడండి. మొనలుంటే ఎక్కకండి. నున్నటి కడ్డీ, మధ్యలో ఒక కీలు ఉన్న మామూలు కళ్ళెం అడగండి. యజమాని ఒప్పుకోకపోతే గుర్రాన్ని మార్చండి. భయం పోగొట్టుకోవాలని వచ్చినవాళ్లు నోటి నొప్పితో బెదిరిన గుర్రం మీద ఎప్పటికీ కుదుటపడలేరు.

సరే, గుంజకపోతే చేతులకు పట్టు ఏది? భయంలో చేతులు ఏదో ఒకటి పట్టుకుంటాయి, వద్దంటే వినవు. అందుకే వాటికి వేరే పట్టు ఇవ్వాలి. గుర్రం మెడ చుట్టూ పాత రికాబు తోలుపట్టీ గానీ, మెత్తని నూలు తాడు గానీ వదులుగా కట్టండి. కింద చెయ్యి దూరేంత జాగా ఉండాలి. జారుముడి వేయొద్దు, బిగుసుకుంటుంది. గుర్రం తల వంచినప్పుడు పట్టీ చెవుల వైపు జారకుండా చిన్న దారంతో జీను ముందు రింగుకు కట్టండి. గుండె ఝల్లుమన్న క్షణంలో పగ్గాలు కాదు, ఈ మెడపట్టీ పట్టుకోండి. మీరు ఎంత గట్టిగా పట్టుకున్నా గుర్రం నోటికి ఏమీ కాదు. నేను ఇప్పటికీ కొత్త గుర్రం ఎక్కితే మెడపట్టీ వేసుకునే ఎక్కుతాను. పగ్గాలు చేతిలోనే ఉంటాయి, పారేయొద్దు. కొద్దిగా వంగి వేలాడేలా ఉండాలి.

ఊపిరి సంగతి. "శ్వాస మీద ధ్యాస పెట్టండి" అంటే టెన్షన్‌లో ఎవరికీ కుదరదు. నాకు తెలిసిన దగ్గరి దారి ఎక్కాలు పైకి చదవడం. నోరు తెరిచి మాట్లాడుతున్న మనిషి ఊపిరి బిగబట్టలేడు. తెలుగు ఎక్కం రానివాళ్లు, మరాఠీ బడిలో చదివినవాళ్లు, "బే ఏకే బే, బే దుణే చార్" అనుకుంటూ పోండి. ఒక వరుసకు ఒక ఊపిరి, చివరి మాట సాగదీయండి. చెవులు చూస్తూ ఉండండి. ముందుకు నిక్కబొడుచుకున్న చెవుల్లో ఒకటి మెల్లగా మీ వైపు తిరుగుతుంది. కింది పెదవి వదులవుతుంది, కళ్లు ఆర్పుతుంది, పెదవులు నాకుతుంది. తల ఒక జానెడు కిందికి దిగుతుంది. అదీ నిలబడ్డ గుర్రం అంటే. కాళ్లు కదలకపోయినా కంటి తెల్లగుడ్డు కనిపిస్తూ, ముక్కుపుటాలు బిగిసి, తోక అణిచిపెట్టి ఉంటే అది నిలబడినట్టు కాదు, ఆగి ఉంది అంతే.

ఇక ఆపడం. బెదిరిన రౌతుకు కావాల్సింది పరిగెత్తించగలను అన్న ధీమా కాదు, ఎప్పుడంటే అప్పుడు ఆపగలను అన్న నమ్మకం. నడుస్తుండగా బయటికి పొడుగ్గా ఊపిరి వదలండి, పొట్ట వదులు చేయండి, బరువు జీనులోకి దిగనివ్వండి, "హో" అని సాగదీసి అనండి. చేతులు వెనక్కి రావు, పిడికిలి మూసుకుంటుంది అంతే. గుర్రం ఆగిన క్షణమే పిడికిలి తెరవాలి. ఆ వదలడమే దానికి పాఠం. ఆగాక కూడా బిగించి ఉంచితే, ఆగినందుకు దానికి ఏం దక్కింది?

ఇంత చేసినా ఆగకపోతే ఒక్క పగ్గం వాడాలి. ఒక పక్క పగ్గాన్ని మెల్లగా మీ తొడ వైపు తెచ్చుకోండి, రెండోది పూర్తిగా వదులు. గుర్రం ముక్కు మీ మోకాలి వైపు తిరుగుతుంది, వెనకకాళ్లు పక్కకు వేస్తుంది, వేగం చచ్చిపోతుంది. రెండు పక్కలా నేర్పాలి. దీన్ని ముందు నిలబడి, తరవాత నడకలో మాత్రమే నేర్చుకోండి. పరిగెత్తే గుర్రానికి మెడ ఒక్కసారి తిప్పితే పడిపోవచ్చు. తడిసిన నల్లరేగడి మీద నడకలో కూడా చేయొద్దు.

పడిన వెంటనే మళ్లీ ఎక్కాలి, లేకపోతే భయం నిలిచిపోతుంది అంటారు. నేను ఒప్పుకోను. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు ఎక్కడం ఉండదు, హెల్మెట్ పగలకపోయినా మార్చాల్సిందే, డాక్టరుకు చూపించుకోవాల్సిందే. దెబ్బ లేకపోయినా చేతులు వణుకుతుంటే గుర్రాన్ని పట్టుకుని నడిపించండి, మాలిష్ చేయండి, ఇంటికి వెళ్లండి. మర్నాడు ఎక్కినా గుర్రం మిమ్మల్ని తక్కువగా చూడదు.

అభ్యాసం రెండు వారాలు, రోజూ. ఇది కష్టంగా ఉంటుందని ముందే చెబుతున్నాను. సోయా కోసిన చేను మంచిదే కానీ నెర్రెలు చూసుకోండి, నాకైతే చదును చేసిన కల్లం ఇష్టం. చలి పొద్దున గుర్రం హుషారు ఎక్కువ, కాబట్టి ఎండెక్కాకే మొదలుపెట్టండి. చూసేవాళ్లను పంపించేయండి, ఒక్క తెలిసిన మనిషి చాలు. వాళ్లకు కూడా "గుంజు" అనొద్దని ముందే చెప్పండి.

మొదటి వారం కింద నుంచే. పక్కన నడుస్తూ, ఊపిరి వదిలి మీరు ఆగితే గుర్రం ఆగాలి, రోజుకు ముప్ఫైసార్లు. తరవాత ఎక్కడం, ఒక ఎక్కం పూర్తయ్యేదాకా కూర్చోవడం, దిగడం, రోజుకు పదిసార్లు. మధ్యలో కదిలితే కోప్పడొద్దు. మెడపట్టీ పట్టుకుని, పగ్గం వదులు చేసి, ఎక్కం మొదటి నుంచి చదవండి. రెండో వారం నడక. ఇరవై అడుగులు, ఆగడం, మళ్లీ ఇరవై అడుగులు, ఒక రోజుకు నలభైసార్లు ఆగాలి. అందులో ముప్ఫైసార్లయినా పిడికిలి మూయకుండా, ఊపిరికీ మాటకూ ఆగితేనే ఆ రోజు లెక్క. తక్కువైతే ఆ రోజును మర్నాడు మళ్లీ చేయండి. ఒక్క పగ్గం తిప్పడం ప్రతి రోజూ చివర్లో, రెండు పక్కలా అయిదేసిసార్లు.

అయిదో పాఠం ట్రాట్. చదవడానికి ఎవరైనా చదవండి. గుర్రం మీద చేయడానికి మాత్రం, రెండో వారం నడకలో వరసగా మూడు రోజులు, నలభైలో ముప్ఫైసార్లయినా పిడికిలి మూయకుండా ఆపగలిగినవాళ్లే దిగండి. మిగతావాళ్లు దీన్నే ఇంకో వారం చేయండి, గుర్రం ఎక్కడ, ఏ అడుగులో ఆగలేదో రాసి పంపండి.