వరి కోతలకు ముందు కళ్ల విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో వరి కోతకు వచ్చే రోజులే నల్లగుడ్డు మీద పుండ్లు పడే రోజులు కూడా. కోత మిషన్లు వచ్చాక కొడవలి పని తగ్గింది కానీ, మిషన్ వెనుక లేచే దుమ్ము, కొనుగోలు కేంద్రంలో తూర్పారపట్టే ఫ్యాన్ ముందు ఎగిరే తాలు, గడ్డి మోపు ఎత్తేటప్పుడు కంటికి తగిలే ఆకు అంచు ఎక్కడికీ పోలేదు.

కంటి వైద్యులు తమలో తాము చర్చించుకునే కేసుల్లో ఒక వరుస పదేపదే కనిపిస్తుంది. కూలికి వెళ్లిన మనిషి కంట్లో వరి ఆకు గీరుకుంటుంది. ఆ పూటకు నీళ్లతో కడుక్కుని పని కానిచ్చి, మరునాడు కన్ను ఎర్రబడి నీరు కారుతుంటే మందుల దుకాణంలో చెప్పి చుక్కల మందు తెచ్చుకుంటారు. అందులో డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటే రెండు రోజుల్లో ఎరుపు, నొప్పి తగ్గి కన్ను బాగైనట్టే అనిపిస్తుంది. లోపల మాత్రం ఆకుతో పాటు చేరిన బూజును అడ్డుకునే శక్తిని ఆ స్టెరాయిడే అణచివేసినందువల్ల అది తీరికగా లోతుకు పాకుతుంది. వారం పది రోజులకు నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, దాని వెనుక అడుగున చీము కనిపిస్తాయి. ఆకు గీసిన గీత కన్నా, డాక్టరును అడగకుండా వేసుకున్న ఆ మందే చాలాసార్లు చూపును ఎక్కువగా దెబ్బతీస్తుంది.

ఇలాంటి కన్నును చూసిన డాక్టరు మొదట ఏం తగిలిందని, ఆ వెంటనే ఇప్పటిదాకా ఏం వేశారని అడుగుతారు. ఫ్లోరెసిన్ అనే రంగు అద్దిన కాగితం తాకించి నీలి వెలుగులో చూస్తే పైపొర ఊడిన చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. పుండు పొడిగా ఉండి, అంచులు ఈక కొసల్లా చీలి, పక్కన చిన్న తెల్లచుక్కలు ఉంటే బూజును, ఒకటి రెండు రోజుల్లోనే తీవ్రమైన నొప్పితో, చిక్కని పుసితో ముదిరితే బాక్టీరియాను అనుమానిస్తారు. అయితే చూసి తేల్చడం అనుభవం ఉన్నవారికీ కష్టమే. అందుకే మొద్దుబార్చే చుక్కలు వేసి, పుండును కొద్దిగా గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. దక్షిణ భారతంలో ఎక్కువగా దొరికే బూజులు ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్. బూజు అని తేలితే 5 శాతం నాటామైసిన్ చుక్కలు మొదట్లో గంటగంటకూ, ఆ తర్వాత తగ్గిస్తూ వారాల తరబడి వేయాలి. కొత్తదైన వోరికోనజోల్ కన్నా ఈ పాత మందే మేలని, ముఖ్యంగా ఫ్యుసేరియం విషయంలో, 2013లో వెలువడిన అధ్యయనంలో తేలింది.

కోతలు మొదలయ్యే లోపే చూసుకోవాల్సింది ఒకటుంది. ముక్కు పక్కన కంటి మూల మీద నొక్కితే చీము వచ్చేవారు, ఏడాది పొడవునా నీరు కారేవారు ముందే చికిత్స చేయించుకోవాలి, ఎందుకంటే ఆ కంటికి చిన్న గీత పడినా అక్కడి చీము దాన్ని పుండుగా మారుస్తుంది. పనిలో పక్కలు మూసిన ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకోవాలి. కంటి వెలుగు శిబిరాల్లో ఇచ్చిన చదువు అద్దాలు ఇందుకు పనికిరావు. చెమటకు మసకబారతాయన్న ఫిర్యాదు నిజమే కనుక, కనీసం ఫ్యాన్ దగ్గరైనా పెట్టుకుని గాలికి వీపు పెట్టి నిలబడాలి.

నలుసు పడితే నలపకుండా శుభ్రమైన నీటితో కడగాలి. కొంగు అంచుతో గానీ, పల్లెల్లో చేసినట్టు నాలుకతో గానీ తీయించుకోవద్దు. చనుబాలు, ఆకు పసరు పోయవద్దు. కడిగినా రెప్ప ఆడించినప్పుడల్లా గరుకుగా ఉంటే పొట్టు పైరెప్ప లోపల అతుక్కుని ఉండవచ్చు, రెప్ప తిరగేసి చూడగల డాక్టరే దాన్ని తీయాలి. గీత పడిందంటే అదే రోజు చూపించుకోవాలి: నేపాల్‌లోని భక్తపూర్‌లో జరిగి 2001లో వెలువడిన అధ్యయనంలో, దెబ్బ తగిలిన 18 గంటల్లోపు క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయోటిక్ ఆయింట్‌మెంట్ మొదలుపెట్టిన వారిలో ఎవరికీ పుండు కాలేదు. పురుగుమందు పడితే మాత్రం ముందు కనీసం పావుగంట ధారగా కడిగి, ఆ తర్వాతే బయలుదేరాలి.

చూపు మసకబారినా, తెల్లమచ్చ కనిపించినా జిల్లా ఆసుపత్రికి గానీ, హైదరాబాద్ మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి గానీ ఆలస్యం చేయకుండా వెళ్లాలి. అంతకుముందు వాడిన చుక్కల సీసాలు, అవి ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని పోవాలి. పేరు గుర్తులేకపోయినా సీసా చూసి అందులో స్టెరాయిడ్ ఉందో లేదో డాక్టరు తెలుసుకుంటారు.