డీవీడీ-ఆర్‌డబ్ల్యూలో బ్యాకప్ మొండికేస్తే: నా అనుభవం

షాపు లెక్కల బ్యాకప్ ప్రతి శనివారం డీవీడీ-ఆర్‌డబ్ల్యూలో, అంటే తుడిచి మళ్లీ రాసుకోగలిగే డిస్కులో, పెట్టేవాణ్ణి. రాసేటప్పుడు అంతా బాగానే ఉండేది. వారం తర్వాత తెరిస్తే సగం ఫోల్డర్లే కనిపించేవి, కాపీ చేయబోతే డ్రైవ్ గుర్రుమంటూ తిరిగి తిరిగి ఆగిపోయేది. లెన్స్ క్లీనర్, కొత్త కేబుల్, వేరే బ్రాండు డిస్కు, విండోస్ మళ్లీ ఎక్కించడం, అన్నీ దండగే.

చివరికి ముందుగా పెన్‌డ్రైవ్‌లా ఫైళ్లు లాగి పడేసే పద్ధతి మానేశాను. తర్వాత డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్ ఇమ్‌గ్‌బర్న్‌లో ఫుల్ ఎరేజ్ (డిస్కంతా తుడిచేది) కొట్టాను. ఇన్నాళ్లూ నేను చేసిన క్విక్ ఎరేజ్ డిస్కు మొదట్లోని సూచికను మాత్రమే తుడుస్తుంది, పాత డేటా అలాగే పడి ఉంటుంది. 2ఎక్స్ (డీవీడీ మూల వేగానికి రెట్టింపు) డిస్కు కాబట్టి అరగంట పట్టింది, ఈలోగా టీ తాగొచ్చాను. ఆపైన ఫైళ్లన్నీ ఒకే విడతలో, 2ఎక్స్ వేగంతోనే రాసి, వెరిఫై దగ్గర టిక్కు పెట్టాను. రాయడం అయ్యాక ట్రే దానంతటదే బయటికొచ్చి మళ్లీ లోపలికెళ్లింది. మొదటిసారి కంగారుపడ్డాను గానీ, రాసింది చదివి సరిచూసుకోవడానికేనట. డిస్కు నిండా నింపకుండా 4 జీబీ లోపే ఆపాను.

రెండు నెలలైంది, ఒక్క ఎర్రరూ లేదు. వీటిలో ఏది నిజంగా పనిచేసిందో విడివిడిగా చూడలేదు. గీతలు పడిన డిస్కుకైతే ఇది పనికొస్తుందనుకోను.