ఇంజిన్ లీన్ కోడ్ చూపిస్తోందా? సెన్సర్ కొనే ముందు ఇది చూడండి

సమస్య

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ0171 వచ్చింది, అంటే మిశ్రమం లీన్ అని. సిలిండర్లు రెండు వరుసల్లో ఉండే వీ ఇంజిన్ అయితే రెండో వైపుకు పీ0174. ఐడిల్‌లో బండి వణుకుతుంది, పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం తడబడి ఆ తర్వాత లాగుతుంది.

పెట్రోల్ ఇంజిన్‌లో ఒక కిలో పెట్రోల్‌కు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి అంతకు మించినా, పెట్రోల్ తగ్గినా మిశ్రమం లీన్ అయినట్టే. ఈ కోడ్ రాగానే ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసేది) మార్చేసేవాళ్లు చాలామంది. చాలాసార్లు ఆ సెన్సర్ చెప్పేది నిజమే, తప్పు ఇంకెక్కడో ఉంటుంది.

కారణం పట్టుకోవడం

స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. పెట్రోల్‌ను కంప్యూటర్ ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె అది. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సర్దుబాటు), లాంగ్ టర్మ్ (నేర్చుకుని నిలిపే సర్దుబాటు) రెండూ కూడి చూడాలి. ప్లస్ 10 దాటితే అనుమానించాలి. 25 దగ్గరికి వచ్చిందంటే సాధారణంగా లైటు వెలిగే ఉంటుంది.

ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర నిలిపి ఇంకోసారి రాసుకోండి. సగం పని ఇక్కడే అయిపోతుంది.

ఐడిల్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి, రేస్ ఇస్తే మామూలుకు దిగితే వాక్యూమ్ లీకు, అంటే లెక్కలోకి రాని గాలి ఏదో చిల్లులోంచి ఇంజిన్‌లోకి దూరుతోంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ కాబట్టి చిన్న చిల్లు కూడా పెద్ద తేడా తెస్తుంది. రేస్ ఇచ్చాక అదే చిల్లు పెద్దగా తేడా తేదు. ఎయిర్‌ఫ్లో సెన్సర్ (లోపలికి వచ్చే గాలిని కొలిచేది) ఉన్న ఇంజిన్లకే ఈ గుర్తు బాగా పనికొస్తుంది. మ్యాప్ సెన్సర్‌తో (మ్యానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో, ప్రెషర్ కొలిచేది) నడిచేవాటిలో ట్రిమ్ పెద్దగా కదలకుండా ఐడిల్ వేగమే పెరగొచ్చు.

రేస్ ఇచ్చేకొద్దీ, ఎత్తు ఎక్కేకొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోల్ చాలడం లేదు, లేదా ఎయిర్‌ఫ్లో సెన్సర్ వచ్చిన గాలిని తక్కువగా లెక్కపెడుతోంది.

పరిష్కారం

లీకు అనుకుంటే ముందు చేత్తో తడమండి, ఇంజిన్ ఆపే. పీసీవీ హోస్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ పీల్చే గొట్టం) అడుగు భాగం, ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కు థ్రాటిల్‌కు మధ్య ఉన్న రబ్బరు గొట్టం మడతలు, బ్రేక్ బూస్టర్ పైపు పగిలేది ఎక్కువ. బయటికి బాగానే కనిపిస్తాయి, వంచితే పగులు తెరుచుకుంటుంది. మ్యానిఫోల్డ్ గాస్కెట్ మీద అనుమానం ఉంటే స్మోక్ టెస్ట్ (లోపలికి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూడటం) చేయించండి. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి చూసే పద్ధతి నాకు నచ్చదు, మంట అంటుకుంటుంది.

ఎయిర్‌ఫ్లో సెన్సర్‌ను దానికోసం అమ్మే స్ప్రేతోనే కడగాలి. లోపలి తీగను తాకొద్దు. ఆరాక బిగించండి.

అయినా తగ్గకపోతే ఫ్యూయల్ ప్రెషర్ గేజితో కొలిచి మాన్యువల్ అంకెతో పోల్చాలి. తక్కువ ఉంటే ఫిల్టర్, పంపు, రెగ్యులేటర్. సరిగ్గా ఉంటే ఇంజెక్టర్లు. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే కొట్టే పద్ధతి) అయితే లైను మీరు విప్పొద్దు. ఆ ప్రెషర్ చాలా ప్రమాదం.

ఒక తిరకాసు: ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు సైలెన్సర్ పైపులో లీకు ఉన్నా, ఒక సిలిండర్ మిస్‌ఫైర్ అవుతున్నా (పెట్రోల్ సరిగ్గా మండకపోయినా) పొగలో ఆక్సిజన్ మిగిలి, మిశ్రమం బాగానే ఉన్నా లీన్ అని చూపిస్తుంది. మిస్‌ఫైర్ కోడ్ కూడా ఉంటే ప్లగ్గులు, కాయిల్స్ కూడా చూడండి.

రిపేరు అయ్యాక కోడ్ చెరిపేసి, కొంత దూరం నడిపి, ఐడిల్‌లోనూ 2500లోనూ ట్రిమ్ మళ్లీ చూడండి. రెండుచోట్లా 5 శాతం లోపు ఉంటే పని అయినట్టే.