లకుముకి పిట్టను కాదు, కొమ్మను చూసుకోండి
బుడమేరు గట్టునో బందరు కాలువ పక్కనో లకుముకి పిట్ట వెంట కెమెరాతో తిరగకండి, మీరు కదిలినప్పుడల్లా అది ఇంకాస్త దూరం ఎగిరిపోతుంది. అది ఏ కొమ్మ మీద కూర్చుని నీళ్లలోకి చూస్తోందో కనిపెట్టండి చాలు, చేప దొరికాక చాలాసార్లు అక్కడికే వచ్చి, దాన్ని కొమ్మకేసి టపటపా బాది మింగుతుంది. ఎండ మీ వీపున పడేలా ముందే కూర్చుని ఆ కొమ్మకే ఫోకస్ పెట్టుకోండి. నీళ్లలోకి దూకేది పట్టాలంటే షట్టర్ వేగం 1/2000 సెకను గానీ, అంతకంటే వేగంగా గానీ ఉండాలి.

కొండపల్లి అడవిలో చెట్ల కింద అంత వెలుతురు ఉండదు. కుదురుగా కూర్చున్న పిట్టకు 1/250 సరిపోతుంది, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) పెంచడానికి జంకొద్దు, ఫొటోలో చుక్కలు చుక్కలుగా గరుకు కనిపించినా పరవాలేదు గానీ అదిరిన ఫొటోను బాగుచేయలేం.

గట్టు మట్టిలో లకుముకి దూరే బొరియ కనిపిస్తే అది దాని గూడే. దయచేసి అక్కడ నిలబడకండి, మీరుంటే పిల్లలకు మేత తేవడానికి అది భయపడుతుంది.