కట్టె ఆరేదాకా వైరు ముట్టుకోకండి

కట్టెలో స్ఫటికాలు పొదిగి దీపాలు చేస్తుంటాను. నా మొదటి దీపానికి ఒక వేరుమొద్దు దొరికింది. పైకి ఎండిపోయినట్టే ఉంది. కడిగాను, గరుకు కాగితంతో రుద్దాను, మధ్యలో గుంటలా తొలిచి అందులో క్వార్ట్జ్ (పలుగురాయి) స్ఫటికాల గుత్తిని ఎపాక్సీ జిగురుతో బిగించి, కింద బల్బు పెట్టాను. మూడు వారాలు బ్రహ్మాండంగా వెలిగింది. ఒక రాత్రి పక్క గదిలోంచి ‘టప్’మని చప్పుడు. వెళ్లి చూస్తే మొద్దు నడిమి నుంచి అంచు దాకా గోరు దూరేంత పగులు. క్వార్ట్జ్ బల్ల మీద పడి ఉంది. తిప్పి చూశాను: రాయికి ఎపాక్సీ అలాగే ఉంది, ఎపాక్సీకి పల్చటి కట్టె పొర అంటుకుని ఉంది. జిగురు ఊడలేదు, కట్టే చిరిగిపోయింది.

ఈ పనిలో అసలు చిక్కు అదే. కొట్టేసిన తర్వాత కూడా కట్టె కదులుతూనే ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. రాయి కదలదు. ఆ రెండింటినీ గట్టిగా కట్టేసి, మధ్యలో వేడి పుట్టించే వస్తువు పెడుతున్నాం. కాబట్టి డిజైన్ గీసుకునే ముందే కట్టె సంగతి తేల్చుకోవాలి.

కట్టె అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. వార్షిక వలయాల వెంబడి వచ్చే ముడత, నడిమి నుంచి బెరడు వైపు వచ్చే ముడతకు దాదాపు రెండింతలు ఉంటుంది. గుండ్రటి మొద్దు ఆరేటప్పుడు ఎక్కడో ఒకచోట చీలేది అందుకే. నీడలో, గాలి ఆడే చోట ఆరబెడితే అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందని వడ్రంగం పని వాళ్ల లెక్క. తేమ మీటర్ ఉంటే 12 శాతం లోపుకి వచ్చిందా చూడండి. మీటర్ లేకపోయినా ఫర్వాలేదు, వారానికోసారి తూకం వేసి రాసుకోండి. నాలుగైదు వారాలు వరసగా బరువు తగ్గకపోతే అది మీ గదిలో గాలికి సర్దుకున్నట్టే. తొందరపడి ఓవెన్‌లోనో మండుటెండలోనో పెడితే పైపొర ముందు ఆరి బిగుసుకుపోతుంది, లోపల తడి మిగిలిపోతుంది, తర్వాత బీటలు వారుతుంది. లావు మొద్దయితే అడుగు నుంచి నడిమి భాగం తొలిచెయ్యండి. వైరుకి దారి దొరుకుతుంది, పగిలే ఒత్తిడీ తగ్గుతుంది. వెనక వైపు రంపంతో నిలువుగా ఒక గాటు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఎటూ పగిలేదే కాబట్టి, మనకు కనబడని చోట పగలనివ్వడం అన్నమాట.

బెరడు ఎంత అందంగా ఉన్నా నేనైతే తీసేస్తాను. ఆరాక ఎలాగూ పెచ్చులుగా ఊడుతుంది, పైగా పురుగులు దాక్కునేది దాని కిందే. మొద్దు కింద నల్ల కాగితం పరిచి వారం పాటు కదపకుండా ఉంచండి. పిండిలాంటి సన్నటి పొడి రాలితే లోపల పుచ్చు పురుగు బతికే ఉంది. దేశాల మధ్య సరుకు రవాణాకి వాడే చెక్క పెట్టెలను కట్టె నడిమిభాగం 56 డిగ్రీల సెల్సియస్‌కు చేరాక అరగంట ఉంచాలన్నది నియమం. పురుగు పోవడానికి మనమూ అదే పాటించొచ్చు. గుర్తుంచుకోవాల్సింది ఆ 56 కట్టె లోపలి వేడి, ఓవెన్ మీద కనబడే అంకె కాదు. ఇదీ బాగా ఆరిన కట్టెకే, అదీ మెల్లగా వేడెక్కిస్తూ. సముద్రపు ఒడ్డున దొరికిన కట్టెకి ఇంకో బెడద ఉప్పు. ఉప్పు తేమను లాగుతుంది, స్క్రూలను, హోల్డర్‌లోని ఇత్తడిని తినేస్తుంది. మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ వారాల తరబడి ఉంచి, ఆ తర్వాతే ఆరబెట్టడం మొదలుపెట్టాలి.

ఇక రాళ్లు. స్ఫటికం అనగానే అన్నీ ఒకటే అనుకోవద్దు. క్వార్ట్జ్ గట్టిది, రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 7. ఫ్లోరైట్ 4, ఉన్నట్టుండి వేడెక్కితే చిట్లిపోవచ్చు. సెలెనైట్ (జిప్సం స్ఫటికం) 2 మాత్రమే, గోరుతో గీస్తే గీత పడుతుంది. దాన్ని నీళ్లలో నానబెట్టి కడగకూడదు, వేడి బల్బు పక్కన పెడితే లోపలి నీరు పోయి తెల్లగా పాలిపోతుంది. ఊదా అమెథిస్ట్ రంగు ఎండకు వెలిసిపోతుంది, కిటికీ దగ్గర పెట్టే దీపానికి అది వద్దు. ఉప్పు స్ఫటికం గాలిలో తేమను పీల్చి కారుతుంది, ఆ ఉప్పునీరు హోల్డర్‌లోకి దిగితే షార్ట్ అవుతుంది. రంగు చూసి మోజుపడి సింధూరపు ఎరుపు సిన్నబార్ మాత్రం తేకండి, అందులో ఉండేది పాదరసం. గుండ్రటి పారదర్శక క్వార్ట్జ్ బంతి ఉంటే ఎండ తగిలే చోట అసలు పెట్టొద్దు. భూతద్దంలా వెలుగుని ఒకచోటికి చేర్చి నిప్పు అంటిస్తుంది. కింద ఉన్నది ఎండు కట్టె కదా మరి.

క్వార్ట్జ్‌కి రంధ్రం చేసేటప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, క్యాన్సర్‌కీ దారితీస్తుంది. డైమండ్ బిట్ వాడి, రాయిని నీళ్లలో ఉంచి తొలవండి, డ్రిల్లు మాత్రం బ్యాటరీది కావాలి. కట్టె దుమ్ము కూడా తక్కువేం కాదు, దాన్నీ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే పెట్టారు. మూతికి రుమాలు చాలదు, ఎన్-95 మాస్కయినా ఉండాలి. గన్నేరు కొమ్మ వంపులు ఎంత ముచ్చటగా ఉన్నా ముట్టుకోవద్దు, ఆ చెట్టు మొత్తం విషమే.

రాయిని కట్టెకి బిగించేటప్పుడు చుట్టూ జిగురు నింపేయకండి. గుంటని రాయి కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దగా తొలిచి, ఇత్తడి తీగతో గూడు అల్లి అందులో కూర్చోబెట్టండి. జిగురు కావాలంటే ఒక పక్కే, అదీ సాగే గుణమున్న సిలికాన్. మామూలు ఎపాక్సీలు 50, 60 డిగ్రీలకే మెత్తబడడం మొదలవుతుంది. పది సెంటీమీటర్ల ఘనం పాటి క్వార్ట్జ్ 2.65 కిలోలు తూగుతుంది, అంత బరువు జిగురు మీద వదిలేస్తే ఎలా?

కరెంటు విషయంలో నా సలహా ఒక్కటే: 12 లేదా 24 వోల్టుల ఎల్‌ఈడీ, మంచి అడాప్టర్, ఆ అడాప్టర్ కట్టె బయట. పాతకాలం ఫిలమెంటు బల్బు తినే కరెంటులో తొంభై శాతం దాకా వేడే, కట్టెలో దానికి చోటు లేదు. ఎల్‌ఈడీ చల్లగా ఉంటుందన్నది సగం నిజమే. వెలుగు ముందుకి వస్తుంది, వేడి వెనక్కి పోతుంది. వెనక కట్టె ఉంటే ఆ వేడి ఎటూ పోలేదు. అందుకని ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను నేరుగా చెక్కకి అంటించకుండా అల్యూమినియం పట్టీ మీద వెయ్యండి. తక్కువ వోల్టేజీ కదా అని సన్నటి వైరు వాడొద్దు, 12 వోల్టుల మీద 60 వాట్లంటే 5 ఆంపియర్లు. ఫ్యూజు పెట్టండి. వైరు బయటికొచ్చే రంధ్రం అంచుని నున్నగా చేసి రబ్బరు తొడుగు వెయ్యండి, బయట లాగితే లోపలి అతుకు మీద పడకుండా క్లిప్పు బిగించండి. ఇంటి కరెంటు నేరుగా దీపంలోకే తెస్తానంటే మాత్రం ఆ వైరింగ్ ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి, లోహపు భాగాలకు ఎర్త్ తప్పనిసరి. అంతా అయ్యాక నాలుగు గంటలు వెలిగించి లోపలి కట్టెని తాకి చూడండి. చెయ్యి ఆనించలేకపోతే వాట్లు తగ్గించాల్సిందే.

అవిసె నూనె పూసిన గుడ్డని ఉండచుట్టి మూలన పడేయకండి, దానంతటదే అంటుకుంటుంది. విప్పి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి. కట్టె మీద మెరుపుల్లాంటి కాలిన గీతల కోసం మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్‌తో కరెంటు పాకించే వీడియోలు చూసే ఉంటారు. అది రెండు వేల వోల్టుల వ్యవహారం, అలా ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్ (లేతు మీద కట్టె చెక్కేవాళ్ల సంఘం) తన కార్యక్రమాల్లో దాన్ని నిషేధించింది. ఇందులో జాగ్రత్తగా చెయ్యడం అంటూ లేదు, చెయ్యకపోవడమే.

చివరిగా బరువు. బల్ల మీది దీపాన్ని 6 డిగ్రీల వాలు మీద పెట్టి అన్ని వైపులా తిప్పి చూడండి, ఒరిగిందా, అడుగున బరువు చేర్చాలి. వేలాడే దీపమైతే దాని బరువుకి నాలుగింతలు ఇసుక మూటలు అదే కొక్కేనికి, అదే గొలుసుకి వేలాడదీసి గంటసేపు ఉంచండి. ఆ గంటా కింద ఎవరూ నిలబడకూడదు, మీతో సహా.